ఫరో దేహముపై ఉప్పు: గ్రాఫ్టన్ ఎలియట్ స్మిత్ పరిశోధనా జీవితము

నిర్గమకాండము 14వ అధ్యాయముపై ప్రసంగించేటప్పుడు మన సేవకులలో పలువురు ఒక మాట చెబుతుంటారు. ఎర్ర సముద్రములో మునిగిపోయిన ఫరో మృతదేహము నేటికీ ఐగుప్తు మ్యూజియంలో ఉన్నదనీ, శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించగా ఒళ్ళంతా సముద్రపు ఉప్పు కనిపించిందనీ ఆ మాట. మేమును చెప్పాము. సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో ఒక కరపత్రములో ఇది చదివి, మూడు నాలుగు కూటములలో ధైర్యముగా ప్రకటించాము. సభ అంతా "ఆమేన్" అన్నది. ఒకనాడు కూటము ముగిసిన తరువాత ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడొకడు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ ఫరో పేరేమిటండీ? పరీక్ష చేసిన డాక్టరుగారు ఎవరండీ?" అని అడిగాడు. రెంటికీ మా వద్ద జవాబు లేదు. "చరిత్రకారులు చెప్పారు బాబూ" అని తప్పించుకున్నాము. ఆ అబ్బాయి మర్యాదగా తల ఊపి వెళ్ళిపోయాడు గాని, వాడి ముఖములో తృప్తి కనిపించలేదు.

వాడికి మేము చెప్పవలసిన జవాబు ఇది. ఆ ఫరో పేరు మెర్నెప్తా. పరీక్షించినవారు గ్రాఫ్టన్ ఎలియట్ స్మిత్. ఈ రెండు పేర్లూ తెలిసిన తరువాత ఆ ఉప్పు కథ నిలువదు. అయితే దాని స్థానములో తెలిసివచ్చే చరిత్ర ఆ కథకంటె ఎంతో విలువైనది. అందుచేత ఆ పండితుని జీవితమును కొంత వివరముగా పరిశీలిద్దాము.

స్మిత్ 1871 ఆగస్టు 15న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో గ్రాఫ్టన్ అనే పట్టణములో జన్మించారు. పుట్టిన ఊరి పేరే ఆయన పేరు. తండ్రి బడిపంతులు. సిడ్నీ విశ్వవిద్యాలయములో వైద్యవిద్య ముగించి, మెదడు నిర్మాణముపై పరిశోధన చేసి, 1896లో కేంబ్రిడ్జ్ చేరారు. ఆయన మొదటి ప్రేమ మమ్మీలు కావు, మెదళ్ళు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తరువాత పని పడుతుంది. 1900లో కైరో ప్రభుత్వ వైద్య పాఠశాలకు శరీరనిర్మాణ శాస్త్ర ఆచార్యునిగా వెళ్ళారు. అక్కడ గడిపిన తొమ్మిదేండ్లే ఆయన పేరును నిలబెట్టాయి.

కైరోలో

ఆయన వెళ్ళేనాటికి కైరో మ్యూజియంలో రాజుల దేహములు అనేకము చేరియున్నాయి. 1881లో దేయిర్ ఎల్ బహ్రీ కొండలలోని రహస్య గుహలోను, 1898లో రాజుల లోయలో రెండవ అమెన్‌హోతెప్ సమాధిలోను అవి గుంపులుగా బయటపడ్డాయి. సమాధి దొంగల బారినుండి కాపాడుటకు పూర్వపు యాజకులే వాటిని అలా ఒకచోట చేర్చి దాచారు. వాటిలో కొన్నిటి కట్లు అప్పటికే విప్పబడ్డాయి. 1886లో రెండవ రామెసేసు దేహమును మస్పెరో విప్పించారు. ఆనాటి కట్లు విప్పడమంటే ఎక్కువగా పెద్దమనుషుల ఎదుట జరిగే ప్రదర్శన. నగలు, తాయెత్తులు, పేరు వ్రాసిన గుడ్డలు దొరికితే చాలు, దేహము సంగతి ఎవరికీ పట్టదు. దేహమును చూడవలసిన రీతిలో, అంటే ఒక వైద్యుడు శవమును చూచినట్లుగా, ఆదినుండి అంతము వరకు చూచినవారు స్మిత్.

ఒక ఉదాహరణ చెబుతాము. 1903లో నాల్గవ తుత్మోసు మమ్మీని ఎక్స్‌రే తీయాలని ఆయన తలంచారు. ఎక్స్‌రేలు కనుగొని అప్పటికి ఎనిమిదేండ్లు మాత్రమే. ఆ యంత్రము కైరోలో ఒక నర్సింగ్ హోములో ఉన్నది. ఎలా తీసుకొనిపోవాలి? స్మిత్, ఆయన స్నేహితుడు హోవర్డ్ కార్టర్ (ఇరువదేండ్ల తరువాత టుటన్‌ఖామున్ సమాధితో లోకప్రసిద్ధుడైన కార్టరే) కలిసి, కర్రలా బిగుసుకొనియున్న ఆ చక్రవర్తిని ఒక బాడుగ బండిలో పెట్టుకొని ఊరిలోగుండా వెళ్ళారు. రథములపై తిరిగినవాడు మూడువేల మూడువందల ఏండ్ల తరువాత అద్దె బండిలో ఆసుపత్రికి వెళ్ళాడు. రాజ మమ్మీకి ఎక్స్‌రే తీయుట అదే మొదలు.

స్మిత్ ముఖ్యముగా తెలుసుకోగోరింది ఈ దేహములను ఎలా సిద్ధపరిచారన్నది. హెరోదొతు తన రెండవ గ్రంథములో మూడు విధములు చెప్పాడు గాని, ఆయన వచ్చింది క్రీ.పూ. 5వ శతాబ్దములో, ఆ కళ క్షీణించిన తరువాత. స్మిత్ దేహములనే సాక్షులుగా నిలబెట్టారు. పదునెనిమిదవ రాజవంశము నాటికి ముక్కులోగుండా లోపలి సన్నని ఎముకను పగులగొట్టి మెదడును తీసివేయడము సామాన్యమైనది. ఎడమ ప్రక్కన కోసి పేగులు, ఊపిరితిత్తులు, కాలేయము తీసేవారు. గుండెను మాత్రము ఉంచేవారు, తీర్పునాడు తూచబడేది అదే గనుక. ఇరువది యొకటవ రాజవంశపు యాజకుల దేహములలో ఆయన మరొక వింత చూశారు. ఎండిపోయి ముడుచుకొనిన శరీరమునకు జీవకళ తెచ్చుటకు, చర్మమునకు అక్కడక్కడ గాట్లు పెట్టి, లోపల మట్టి, ఇసుక, రంపపు పొట్టు, గుడ్డపేలికలు కూరి బుగ్గలను, చేతులను, తొడలను నింపేవారు. కృత్రిమ కన్నులు పెట్టేవారు. తీసిన అవయవములను నాలుగు పొట్లములుగా చుట్టి తిరిగి కడుపులో ఉంచేవారు. 1906లో ప్రచురించిన ఆయన పత్రము ఈ విషయముపై నేటికీ పునాది.

ఇక్కడ ఆదికాండము 50వ అధ్యాయము తెరచి చూడాలి. యాకోబు దేహమునకు 40 దినములు పట్టెననీ, ఐగుప్తీయులు 70 దినములు అంగలార్చిరనీ 3వ వచనము చెబుతుంది. మన తెలుగు అనువాదములో "సుగంధ ద్రవ్యములు" అని ఉన్నందున, చదువరికి అత్తరు, బోళము, అగరు మాత్రమే తోస్తాయి. హీబ్రూ క్రియ "హనట్" వెనుక ఉన్న పని వేరు. అసలు పని చేసేది నత్రము, అనగా సోడా క్షారము, ఉప్పు కలిసి సహజముగా దొరికే తెల్లని పదార్థము. మన పల్లెలలో చాకలివారు బట్టలు ఉడకబెట్టుటకు వాడిన చవుడుమన్ను దీనికి దగ్గరి చుట్టము. యిర్మీయా 2:22లో మనము "క్షారము" అని చదివే హీబ్రూ మాట "నెతెర్". ఆ పేరు ఐగుప్తు భాషనుండి వచ్చినదే. ఈ నత్రము ప్రధానముగా వాదీ నత్రూన్ అనే లోయనుండి వచ్చేది. సంఘ చరిత్ర చదివిన విద్యార్థులకు ఆ స్థలము వేరొక పేరుతో తెలుసు. నాల్గవ శతాబ్దములో మకారియు మొదలైన ఎడారి తండ్రులు నివసించిన స్కేతె అదే.

దేహమును నత్రపు నీళ్ళలో నానబెట్టేవారని స్మిత్ నమ్మారు. అది పొరపాటు. రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ లూకాస్ పావురములపై ప్రయోగము చేసి 1932లో పొడి నత్రమే వాడారని చూపారు. 1994లో అమెరికాలో బాబ్ బ్రయర్, రాన్ వేడ్ అనేవారు, మరణానంతరము తన శరీరమును విజ్ఞానశాస్త్రమునకు ఇచ్చిన ఒక వ్యక్తి దేహమును పొడి నత్రములో 35 దినములు ఉంచి మమ్మీగా మార్చారు. ఆదికాండములోని 40 దినముల ప్రక్కన ఈ సంఖ్యను ఉంచి చూడండి. ఐగుప్తు ఆచారమును ఎరిగిన చేయి వ్రాసిన వచనమది అనుటకు ఇది మంచి ఆధారము. ఉప్పు కథ అక్కరలేకుండానే మనకు దొరికేది ఇలాంటిది.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నైషు అనే యువతి మమ్మీ ఉన్నదని పాఠకులకు తెలిసేయుండును. ఆరవ నిజాం అల్లుడు కొని తెప్పించగా, ఏడవ నిజాం 1930లో మ్యూజియంకు ఇచ్చారు. ఆమె టోలెమీల కాలపుది, యోసేపుకు ఎంతో తరువాతి మనిషి. 2016లో ఆమెకు సి.టి. స్కాన్ తీశారు. సండే స్కూలు పిల్లలను తీసుకువెళ్ళేవారు ఆది. 50 చదివించి తీసుకువెళితే బాగుంటుంది.

1907 జూలై 8

మెర్నెప్తా దేహము 1898లో దొరికిన గుంపులోనిది. గుడ్డపైని వ్రాతను సరిగా చదవక, దానిని కనుగొన్న లోరే మొదట అతనిని అఖ్‌నాతోను అనుకొన్నారు. మెర్నెప్తా అని తేలగానే యూరపులో కలకలము పుట్టింది. రామెసేసు తరువాతి రాజు ఇతడే, నిర్గమ 1:11లో రామెసేసు పట్టణము ఉన్నది, కాబట్టి నిర్గమకాలపు ఫరో ఇతడేనని ఆనాటి పండితులు అనేకులు తలంచేవారు. సముద్రములో పోయినవాని శవము దొరకదు గదా అని కొందరు ఆశ్చర్యపడ్డారు.

1907 జూలై 8న స్మిత్ కట్లు విప్పారు. ఆయన చూచినది ఒక ముసలివాని దేహము. ఎత్తు 1.714 మీటర్లు. తల దాదాపు పూర్తిగా బట్టతల. స్థూలకాయుడు. రామెసేసు పదమూడవ కుమారుడు, తండ్రి అరువది ఆరేండ్లకు పైగా ఏలినందున వృద్ధాప్యములో గాని సింహాసనము దక్కనివాడు. దేహమంతా సమాధి దొంగల గొడ్డలి దెబ్బలు. గుండెనుండి వచ్చే పెద్ద ధమనిలో సున్నపు పేరుడు కనిపించగా, స్మిత్ ఆ ముక్కను లండనులోని షాటక్ అనే రోగనిర్ధారణ నిపుణునికి పంపారు. ధమనులు గట్టిపడే వ్యాధియేనని ఆయన 1909లో ధ్రువపరిచారు. (ఫరో "హృదయ కాఠిన్యము"నకు ఇది వైద్య నిదర్శనమని ఎవరైనా ప్రసంగము తయారు చేసికొంటున్నారేమో, దయచేసి మానండి.)

ఉప్పు మాటేమిటి? మెర్నెప్తా దేహముపై ఉప్పు పేరుకొనియున్న మాట నిజమే. అయితే నత్రములోనే ఉప్పు కలిసియుంటుంది. నత్రములో నలువది దినములు ఉంచిన ఏ దేహముపైనైనా ఉప్పు మిగులుతుంది. మునిగి చనిపోయినవానిని గుర్తించుటకు వైద్యునికి ఊపిరితిత్తులు కావాలి, వాటిని సిద్ధపరచినవారే తీసివేశారు. కాబట్టి చర్మముపై ఉప్పును చూపి మునక మరణమని చెప్పుట శవపరీక్ష ఎరిగినవారెవరూ ఒప్పుకొనరు. 1976లో ఫ్రెంచి వైద్యుడు మోరిస్ బుకాయ్ వ్రాసిన గ్రంథము తరువాత మెర్నెప్తాయే ఆ ఫరో అనే వాదన మరల లోకమంతా పాకింది. ఇతర మతస్థుల కరపత్రములలోను, మన కరపత్రములలోను ఒకే కథ వేర్వేరు ముగింపులతో కనిపిస్తుంది.

చరిత్రవైపునుండి మరింత పెద్ద అడ్డంకి ఉన్నది. 1896లో పెట్రీ తేబేసులో కనుగొన్న మెర్నెప్తా విజయ శిలాశాసనము అతని ఐదవ ఏట, అనగా సుమారు క్రీ.పూ. 1208లో చెక్కబడినది. బైబిలుకు వెలుపల "ఇశ్రాయేలు" అనే పేరును అందరూ అంగీకరించే మొదటి శాసనము అదే. ఆ పేరు కనానులో నివసించే ఒక ప్రజకు చెప్పబడింది. అంటే మెర్నెప్తా ఐదవ ఏటికే ఇశ్రాయేలు కనానులో ఉన్నది. అతడు ఆ తరువాత మరో ఐదేండ్లు బ్రతికి ఏలాడు. నలువది ఏండ్ల అరణ్య ప్రయాణమును ఎక్కడ ఇముడ్చగలము? మెర్నెప్తాను సముద్రములో ముంచబోతే, బైబిలుకు అంత బలమైన సాక్ష్యమిచ్చే శిలాశాసనమును మనమే ముంచినట్లవుతుంది.

1 రాజులు 6:1ని ఆధారము చేసికొని క్రీ.పూ. 1446 అని చెప్పేవారు మూడవ తుత్మోసునో రెండవ అమెన్‌హోతెప్‌నో చూపుతారు. వారి దేహములు కూడా దొరికాయి, స్మిత్ వాటినీ వర్ణించారు. వేటిలోను మునక గుర్తులు నమోదు కాలేదు. ఇక వాక్యమే ఏమి చెబుతుందో నెమ్మదిగా చదవాలి. నిర్గమ 14:28 ఫరో సేనను గూర్చి చెబుతుంది. ఫరో తానే చనిపోయెనని ఆ అధ్యాయము స్పష్టముగా చెప్పదు. కీర్తన 136:15 ఫరోను కూడా చేర్చి పాడుతుంది, అది స్తోత్రగీతపు భాష అని వ్యాఖ్యాతలలో పలువురు అంటారు, కాదనేవారూ ఉన్నారు. దీనిపై మా అభిప్రాయము మాకున్నది గాని, అది వ్యాఖ్యానముతో తేలవలసినది, మమ్మీతో కాదు.

ఎముకలు ఎవరి మాట వింటాయి

అదే 1907 జనవరిలో రాజుల లోయలో థియొడోర్ డేవిస్ అనే అమెరికా ధనికుని ఖర్చుతో ఒక సమాధి తెరవబడింది. అది తీయె రాణి సమాధియని డేవిస్ గట్టిగా నమ్మారు. అక్కడున్న ఎముకలు స్త్రీవేనని సందర్శకులైన వైద్యులచేత అనిపించుకొన్నారు. ఎముకలు కైరోకు, స్మిత్ చేతికి వచ్చాయి. స్త్రీవి కావు, సుమారు ఇరువది యైదేండ్ల పురుషునివి అని ఆయన చెప్పారు. డేవిస్ 1910లో పుస్తకము వేసినప్పుడు పేరు మాత్రము "తీయె రాణి సమాధి" అనే పెట్టారు. ఆ పుస్తకములోనే స్మిత్ వ్రాసిన పత్రము, ఇది పురుషుడని, అచ్చయింది! ఖర్చు పెట్టినవాని మనస్సు నొచ్చుకొంటుందని ఆయన సంఖ్య మార్చలేదు, మాట మార్చలేదు. 2010లో జరిగిన డి.ఎన్.ఎ. పరీక్షలు ఆ పురుషుని టుటన్‌ఖామున్ తండ్రిగా చూపాయి. అతని వయస్సుపై వాదము ఇంకా ఉన్నది, పురుషుడన్న విషయములో లేదు.

రాజ దేహములన్నిటి వర్ణన 1912లో "ది రాయల్ మమ్మీస్" అనే పేరుతో కైరో మ్యూజియం జాబితాలో భాగముగా వెలువడింది. ఐదవ రామెసేసు ముఖముపైని పొక్కులు, సిప్తా రాజు వంకర పాదము, యుద్ధములో పడిన సెకెనెన్రె తల మీది గాయములు అందులో ఉన్నాయి. దీనిముందు 1910లో, నెస్పెరెహాను అనే ఆమోను యాజకుని వెన్నెముకలో క్షయవ్యాధిని రఫర్‌తో కలిసి స్మిత్ గుర్తించారు.

మన పాఠకులకు నూబియా పని ఇంకా దగ్గరిది. అస్వాను ఆనకట్ట ఎత్తు పెంచనున్నందున, మునిగిపోయే శ్మశానములను 1907నుండి రైస్నర్ నాయకత్వములో త్రవ్వారు. వేలాది దేహములను స్మిత్, వుడ్ జోన్స్, డెర్రీ పరీక్షించారు. వాటిలో కుష్ఠు గుర్తులు దొరికినది క్రైస్తవ కాలపు దేహములోనే. అంతకు పూర్వపు దేహములలో వారికి అది కానరాలేదు. లేవీయకాండము 13లో మనము "కుష్ఠము" అని చదివేది నేటి ఆసుపత్రులలో మందు ఇచ్చే ఆ వ్యాధియేనా అనే ప్రశ్నకు ఇదొక ముఖ్యమైన ఆధారము. ఆ వచనములు చూపి కుష్ఠురోగులను శాపగ్రస్తులన్న బోధ మన గ్రామములలో ఎన్ని కుటుంబములను ఊరి వెలుపలికి నెట్టిందో సేవ చేసేవారికి చెప్పనక్కరలేదు.

ఆ క్రైస్తవ సమాధులలో దేహములు కడుపు కోయకుండా, నిత్యము ధరించిన బట్టలతో, ఉప్పు వేసి పాతిపెట్టబడ్డాయి. పాత ఆచారము ఒక్కసారిగా పోలేదు. 356లో చనిపోయిన అంతోని భక్తుడు, దేహములను చుట్టి ఇండ్లలో ఉంచుకొనే ఐగుప్తు పద్ధతిని గద్దించి, తన దేహమును ఎవరికీ తెలియనిచోట పాతిపెట్టుమని శిష్యులకు ఆజ్ఞాపించినట్లు అతనాసియు వ్రాశాడు. పునరుత్థానమును నమ్మినవారికి కూడా చచ్చిన దేహమును విడిచిపెట్టుట సులభము కాలేదు.

ఒకే మూలము

1909లో స్మిత్ మాంచెస్టరుకు, 1919లో లండను యూనివర్సిటీ కాలేజీకి ఆచార్యునిగా వెళ్ళారు. ఇక్కడినుండి ఆయన కథ త్రోవ మళ్ళుతుంది. 1914లో సిడ్నీలో టోరెస్ జలసంధి ద్వీపవాసుల మమ్మీ ఒకటి చూశారు. దానిపై కోతలు ఇరువది యొకటవ రాజవంశపు ఐగుప్తు కోతలను పోలియున్నాయని తోచింది. అంతే, మమ్మీలు, పెద్దరాతి సమాధులు, సూర్యారాధన, ఇవన్నీ ఐగుప్తులో ఒక్కసారే పుట్టి, ఓడలలో లోకమంతా వ్యాపించాయని 1915లో గ్రంథము వ్రాశారు. భారతదేశపు రాతి సమాధులు, మన ప్రాంతములో జనులు రాక్షసగుళ్ళు అని పిలిచేవాటివంటివి, ఆ త్రోవలో మజిలీలు. అమెరికాలోని మాయా శిల్పములో ఆయనకు మావటివానితో కూడిన భారతీయ ఏనుగు కనిపించింది. 1924లో దానిపై ఒక పుస్తకమే వ్రాశారు.

ఈ సిద్ధాంతము నిలువలేదు. మాలినోవ్‌స్కీ మొదలైనవారు ఆయన బ్రతికియుండగానే ఎదిరించారు. తరువాత రేడియో కార్బన్ పరీక్షలు పశ్చిమ యూరపు రాతి సమాధులలో అనేకము పిరమిడ్లకంటె పాతవని చూపాయి. చిలీలోని చించొర్రో ప్రజలు సుమారు క్రీ.పూ. 5000లోనే, ఐగుప్తీయులకంటె ఎంతో ముందుగా, తమ మృతులను మమ్మీలుగా చేశారు. పోలిక కనబడగానే మూలము దొరికిందనుకొనే ఆకలి ఒకటున్నది. తెలుగు మాటలలో హీబ్రూ మూలములు వెదకుతూ కాలము గడిపిన మా మిత్రులు ఒకరిద్దరు మాకు జ్ఞాపకము వస్తున్నారు.

పిల్ట్‌డౌన్ వ్యవహారము ఇంకను బాధాకరము. 1912లో ఇంగ్లండులో దొరికిందన్న ఆదిమానవుని కపాలమును, దానిలోని మెదడు అచ్చును, స్మిత్ పరీక్షించి ప్రాచీనమైనదని వర్ణించారు. మానవ పరిణామములో మెదడే ముందుగా పెరిగిందని ఆయన నమ్మకము. కపాలము దానికి అనుకూలముగా ఉన్నది. 1953లో అది మోసమని తేలింది, మనిషి కపాలమునకు కోతి దవడ చేర్చారు. ఆయనే మోసగాడని 1972లో ఒక రచయిత నింద వేశాడు గాని, 2016 నాటి పరిశోధన చార్లెస్ డాసన్‌నే చూపుతుంది. స్మిత్ మోసగించలేదు, మోసపోయారు. డేవిస్ కోరుకొన్న రాణిని ఇవ్వని కన్నులు, తాను కోరుకొన్న మెదడును ఇవ్వకుండా ఉండలేకపోయాయి.

1932లో ఆయనకు పక్షవాతము వచ్చింది. 1934లో సర్ బిరుదు లభించింది. 1937 జనవరి 1న మరణించారు.

2021 ఏప్రిల్ 3 రాత్రి, 18 మంది రాజులు, నలుగురు రాణులు, మొత్తము 22 రాజ మమ్మీలను ఊరేగింపుగా కైరోలోని పాత మ్యూజియంనుండి ఫుస్తాతులోని జాతీయ నాగరికతా మ్యూజియంకు తరలించారు. బాడుగ బండి కాదు, ఈసారి అలంకరించిన వాహనములు. వారిలో మెర్నెప్తా ఉన్నాడు. పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళే మన సంఘస్థులు కైరోలో ఆగినప్పుడు అతనిని చూచుటకు వీలున్నది. ఆ దేహముపై ఉప్పు ఎక్కడిదని ఎవరైనా అడిగితే చెప్పవచ్చును: వాదీ నత్రూన్ ఆ పట్టణమునకు వాయవ్యముగా సుమారు వంద కిలోమీటర్లు.